చప్పుడు ఆగేదాకా

కర్టెన్ల గుడ్డ భుజాన వేసుకుని కొత్త కోడలు పై వీధి మెట్లెక్కుతోంది. నిమ్మపండు రంగు గుడ్డ. దుకాణంలో భర్త నీలం బావుందన్నాడు. ఊళ్లో సగం మందికి కళ్లజోళ్లు చేసిపెట్టేవాడు కనక చూపుకి సంబంధించిన ఏ విషయంలోనైనా తన మాటే చెల్లాలని అతని పట్టు. "జోళ్లు మీరు చేయండి, పొద్దున లేచి ఆ కిటికీ చూసేది నేను కదా," అందామె. దుకాణదారు నవ్వేశాడు. అంతే, నీలం ఓడిపోయింది. ఆ గెలుపు తాలూకు సంతోషం ఇంకా తగ్గలేదు. నాలుగు మెట్లెక్కడం, గుడ్డ అంచు ఎండకి పెట్టి చూసుకోవడం, మళ్లీ ఎక్కడం.

కుట్టుమిషనావిడ ఇల్లు మెట్లు అయిపోయే చోటే ఉంది. ఒకటే గది. గుమ్మంలో వెలుతురు పడేలా మిషను, వెనక మంచం, మంచం కింద వరసగా బిందెలు, నూనె డబ్బాలు, మూత పోయిన ఒక టీ కూజా. గది మూల కుళాయి ఉంది. దాని మూతికి తెల్లదారం కట్టి, కొస బిందెలోకి వేలాడదీశారు. నీళ్లు బొట్టు బొట్టుగా పడకుండా ఆ దారం పట్టుకుని జారుతున్నాయి.

"అదేంటక్కా, కుళాయికి దారం?"

"చప్పుడు కాకుండా. వచ్చేది చెంచాడు, దానికి టప్పు టప్పుమని ఇల్లంతా చాటింపు." మిషనావిడ గుడ్డ అందుకుని మూర వేసింది. "రంగు భలే ఉంది. కిటికీ కొలతేది?"

కోడలికి అప్పుడు గుర్తొచ్చింది. రంగు గొడవలో కొలత తీసుకోవడమే మర్చిపోయారు. "మా ఆయన చేతులు బారచాపితే ఎంతో, అంత."

"అయితే మీ ఆయన్ని తెచ్చి ఇక్కడ నిలబెట్టు, కొలుస్తా." మిషనావిడ పడీపడీ నవ్వింది. "కొత్త పెళ్లికూతురివని మొహం చూస్తేనే తెలుస్తోందిలే. ఏ ఇంటమ్మాయివి?"

"కళ్లజోళ్ల దుకాణం వాళ్ల కోడల్ని."

మిషను చక్రం మీద ఉన్న చెయ్యి ఆగింది. "పెద్దాయన కోడలివా! చెప్పవేం? కూర్చో, ఆ మంచం మీద కూర్చో." ఒక డబ్బా కాలితో పక్కకి జరిపింది. "ఆ కుళాయికి ఆయన ఎన్నిసార్లు వాషర్లు వేశాడో. జేబులో ఎప్పుడూ నాలుగు వాషర్లు ఉండేవి. ఒకసారి వాషర్ వేస్తూ వేస్తూ, 'చనిపోయాక ఏమవుతామంటావమ్మా?' అని నన్నడిగాడు. నన్ను! నాకేం తెలుసు? 'ముందు ఇది కారడం ఆగుతుందా అండీ?' అన్నా. 'దీనికి గ్యారంటీ ఇస్తాను, దానికివ్వలేను' అన్నాడు."

కోడలు నవ్వింది. మామగారిని ఆమె చూసింది ఒక్కసారే, సంబంధం మాట్లాడడానికి వచ్చినప్పుడు. అందరూ ముందుగదిలో కబుర్లలో ఉంటే ఆయన తల పక్కకి వంచి కాసేపు విని, లేచి లోపలికెళ్లి, వాళ్ల పెరటి కుళాయి బిగించి వచ్చి కూర్చున్నారు. ఆ తర్వాతే అమ్మాయి చదువు గురించి అడిగారు. పెళ్లి నాటికి ఆయన లేరు.

"పోతూ పోతూ మా నీళ్లు కూడా పట్టుకుపోయాడమ్మా," అంది మిషనావిడ, గుడ్డ మడత పెడుతూ. "నువ్వు నవ్వినా సరే, ఉన్నమాట చెప్తా. పొద్దున్నే ఆయన కింద ధ్యానమందిరంలో కూర్చునేవాడు. అక్కడ ఆయన కూర్చుంటే ఇక్కడ కుళాయి మొదలయ్యేది. ఆయన లేచి వెళ్లాక ఆగేది. వీధివీధంతా చూసింది. ఆయన పోయిన మర్నాటి నుంచి ఇదిగో, దారం."

"ఆఫీసులో చెప్పలేదా?"

"చెప్పాం. వచ్చారు, వీధిలో రెండుచోట్ల తవ్వారు, పూడ్చారు, వెళ్లారు. లైను బాగానే ఉంది, ప్రెషరు లేదంటారు. మాకు రక్తపోటే కానీ ప్రెషరు ఎక్కడిది?"

ఖాళీ డబ్బా తీసుకుని ఆవిడ కూడా కోడలితో పాటు మెట్లు దిగింది. మందిరం గేటు పక్కన ఒక కుళాయి ఉంది, దాన్నుంచి నీళ్లు ధారగా వస్తాయి. ఆవిడ డబ్బా దాని కింద పెట్టి తిప్పబోతుంటే లోపల్నుంచి మైకు మాస్టారు గబగబా వచ్చాడు. మందిరం కమిటీకి ఆయనే అధ్యక్షుడు. బళ్లో పాఠాలు చెప్పడం మానేసి చాలా ఏళ్లయినా మైకు ముందు నిలబడడం మాత్రం మానలేదు కనక ఆ పేరు.

"అమ్మా, అమ్మా! ఎల్లుండి సభ. ఇప్పుడే గచ్చు కడిగించాం. ఇక్కడ నీళ్లు పట్టి బురద చేయకండి." గొంతు మర్యాదగానే ఉంది. డబ్బా మాత్రం ఆయన కాలితో గేటు బయటికి జరిపాడు.

మిషనావిడ డబ్బా తీసుకుంది. తిరిగి మెట్లెక్కుతుంటే ఖాళీ డబ్బా ఆవిడ మోకాలికి తగిలి ప్రతి మెట్టుకీ మోగింది. కోడలు అటే చూస్తూ నిలబడింది. భుజం మీద గుడ్డ లేదని, చేతులు ఊరికే ఉన్నాయని అప్పుడు తెలిసింది.

"నీకోసమే చూస్తున్నానమ్మా," అన్నాడు మాస్టారు. అదే మనిషి, మొహం వెలిగిపోతోంది. "రా, లోపలికి రా. చదువుకున్న పిల్లవి. మీ మామగారి సంస్మరణ సభలో కుటుంబం తరఫున నువ్వే మాట్లాడాలి. మీవాడు మైకు చూస్తే పారిపోతాడు."

హాల్లో వెనక మూల చుట్టూ నాలుగు కొయ్యలు పాతి ఎర్రతాడు కట్టారు. మధ్యలో ఒక చాప. గోడకి ఆనుకుని లావుపాటి ఇనుప పైపు నేలలోంచి లేచి పైకప్పు పక్కనుంచి బయటికి పోతోంది.

"ఇదే ఆయన చోటు. ముందు వరసలో కూర్చోండి అని ఎంత బతిమాలినా ఇక్కడి నుంచి కదిలేవారు కాదు. అంత వినయం! 'అంతసేపు కళ్లు మూసుకుని ఏం చేస్తారండీ?' అని ఒకసారి అడిగాను. 'నీళ్ల చప్పుడు వింటానండీ, అది ఆగేదాకా కూర్చుంటాను' అన్నారు." మాస్టారు గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఏం మాట! మనసనే ప్రవాహం ఆగేదాకా అన్నమాట. దాని మీద నేను ఎన్ని ఉపన్యాసాలిచ్చానో! పై వీధి వాళ్లు చెప్పే సంగతి కూడా నీ ప్రసంగంలో రావాలి. ఆయన ధ్యానానికి నీళ్లు కొండెక్కేవట. అది చెప్తే సభ లేచి నిలబడుతుంది."

గోడకి చేరవేసిన పాలరాతి పలక చూపించాడు. 'మహాధ్యాని ఆసీనులైన స్థలము' అని చెక్కించారు. "హాలు వెనక్కి పెంచినప్పుడు ఇక్కడ గచ్చు కూడా వేయలేదు, చాప కింద ఏదో చెక్క మూత. ఎల్లుండి పొద్దున్నే మేస్త్రీ వచ్చి సిమెంటు పోసి ఈ రాయి పరిచేస్తాడు. సాయంత్రం సభ. ఇంకో ముఖ్యమైన సంగతి. ఆయన చేతికర్ర మీ ఇంట్లోనే ఉంది కదా? అద్దాలపెట్టె చేయించాం. కర్రని శుభ్రంగా తుడిచి పంపించమ్మా, పూజ్యంగా పెడతాం."

*

"నేను రాను," అంది అత్తగారు. వేదిక మీద ఆవిడకి కుర్చీ వేస్తున్నారని కోడలు చెప్పడం ఇంకా పూర్తికాలేదు.

ఆవిడ వంటగదిలో రేపటికోసం బకెట్లు నింపుతోంది. ఒకటి నిండగానే చప్పుడు వినే రెండోది జరుపుతుంది, కుళాయి కట్టదు, ఒక్క చుక్క కింద పడదు. కోడలు కాపురానికి వచ్చినప్పటి నుంచి ఈ విద్య నేర్చుకోవాలని చూస్తోంది. రోజూ పాదాలు తడుపుకుంటోంది.

"ఆ హాలు మొహం నేను చూడను. పెళ్లాన్ని ఇంట్లో వదిలేసి పొద్దున్నే పోయి మూల కూర్చునే చోటు! ఉద్యోగం చేసినన్నాళ్లు పంపులు, పైపులు. ఎక్కడ పైపు పగిలితే అక్కడికి. ఉద్యోగం అయిపోయింది, ఇక మనిషి నాకు దక్కుతాడు అనుకున్నా. ధ్యానం వచ్చింది. ఎక్కడ ఎవరు వచ్చి మాట్లాడుతున్నారన్నా వెళ్లి వెనక కూర్చునేవారు. చివర్న ఒకటే ప్రశ్న. 'మీకు సందేహాలు పూర్తిగా పోయాయా?' పోయాయన్నవాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లేవారు కాదు."

"పోలేదన్నవాళ్లో?"

"వాళ్లని భోజనానికి పిలుచుకొచ్చేవారు. వండేది నేను."

భర్త దుకాణం కట్టేసి వచ్చాడు. కర్టెన్ల కొలత సంగతి విని నిజంగానే కిటికీ ముందు నిలబడి చేతులు బారచాపాడు. కోడలు తాడుతో కొలిచింది. కొలవడానికి కావలసిన దానికంటే కొంచెం ఎక్కువసేపే పట్టింది. పొద్దున ఇద్దరూ డాబా మెట్ల మీద కూర్చుని టీ తాగడం ఆమెకి రోజు మొత్తంలో ఇష్టమైన పని. ఇతను కూడా ఆ టైములో ఏ మూలకో పోయి కళ్లు మూసుకుంటే? అత్తగారి మీద జాలి వేసింది. అలా అనుకుంటుంటే ఎల్లుండి తాను చెప్పబోయే ప్రసంగం మీద కూడా దిగులు పట్టుకుంది. 'మా మామగారు గొప్ప ధ్యాని.' ఆ ఒక్క వాక్యం తర్వాత ఇంకేం దొరకడం లేదు.

మర్నాడు కర్ర తీసి వరండాలో కూర్చుంది. పేరుకి కర్ర కానీ ఇనుపది. పైన అడ్డంగా పిడి, గోధుమరంగు పెయింటు, అడుగున టోపీలా రబ్బరు బిరడా. బరువుగా ఉంది. "మోకాలి నొప్పి మొదలయ్యాక పట్టుకున్నారు," అని అత్తగారు చెప్పింది. కొబ్బరినూనె వేసి పిడి తుడిచింది, నడుం తుడిచింది. రబ్బరు బిరడా చుట్టూ మట్టి గట్టిపడి ఉంది. దాన్ని మెలితిప్పి లాగింది.

లోపల ఇనుము గుండ్రంగా లేదు. నలుచదరంగా ఒక గుంట ఉంది. అంచులు అరిగి మెరుస్తున్నాయి.

ఆమె ఆ గుంటలో వేలు పెట్టి తిప్పింది. చిన్నప్పుడు వాళ్ల వీధిలోకి వాల్వు తిప్పే మనిషి ఇలాంటిదే భుజాన వేసుకుని వచ్చేవాడు. పిల్లలంతా "నీళ్లొచ్చె, నీళ్లొచ్చె" అని వెనకాల పరిగెత్తేవారు. వీధి మూత ఎత్తి, దాన్ని లోపలికి దింపి, రెండు చేతులా పిడి పట్టుకుని తిరిగేవాడు. అతను తిరుగుతుంటే ఇళ్లల్లో కుళాయిలు దగ్గేవి.

ఇది చేతికర్ర కాదు.

"అత్తయ్యా," అంది మెల్లగా. అత్తగారు గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. "మామయ్య పొద్దున్నే వెళ్లినప్పుడు ఇంట్లో కుళాయి వచ్చేదా?"

"భలే అడిగావు. ఆయన అటు వెళ్లడం, ఇటు ఇది ఆగడం. మళ్లీ ఆయన వచ్చేవేళకి వచ్చేది. 'మీతో పాటు నీళ్లని కూడా ధ్యానానికి తీసుకుపోతారా?' అనేదాన్ని. అందుకే నాకీ ముందురోజు బకెట్లు నింపే అలవాటు." ఆవిడ చేట ఒకసారి ఎగరేసింది. "ఇప్పుడు పొద్దున్నే కూడా వస్తున్నాయి. పోయాకైనా నా మీద దయ కలిగింది."

ఆయన కూర్చుంటే పైన వచ్చేవి. ఆయన కూర్చుంటే కింద ఆగేవి. మూల చాప కింద చెక్క మూత. రేపు పొద్దున్నే సిమెంటు.

కోడలి చేతిలో రబ్బరు బిరడా ఉంది. దాన్ని మళ్లీ తొడిగేసి, తుడిచి, అద్దాలపెట్టెకి పంపించేయవచ్చు. ఎవరికీ ఏమీ తెలియదు. మాస్టారుకి మహాధ్యాని, అత్తగారికి పోయాక కలిగిన దయ, ఎవరిది వాళ్లకి దక్కుతుంది. తనేమో ఇంటికొచ్చి నెలైనా కాని మనిషి. చచ్చిపోయిన మనిషి మహిమని ఊడదీసి చూపించడం కొత్త కోడలు చేయాల్సిన పనేనా? ఖాళీ డబ్బా మెట్టు మెట్టుకీ మోగిన చప్పుడు గుర్తొచ్చింది.

ముందు నీళ్ల ఆఫీసుకి ఫోన్ చేసింది. చాలాసేపటికి ఒక ఇంజనీరు దొరికాడు.

"సారు కోడలా మీరు? చెప్పండమ్మా. పై వీధా? మిట్ట మీది ట్యాంకుకి నీళ్లెక్కాలంటే కింది వీధుల లైను కాసేపు కట్టేయాలి. వాల్వు తిప్పే పోస్టు ఎత్తేశాక సారే, 'అది నేను చూసుకుంటాలే, నాకు దగ్గర' అన్నారట. నేనప్పటికి రాలేదు. ఆ వాల్వు మా డ్రాయింగులో వీధిలో ఉంది. వీధిలో తవ్వాం, లేదు."

"హాలు వెనక్కి పెంచారు కదండీ. వీధి కొంత లోపలికి వెళ్లినట్టుంది."

అటువైపు డ్రాయింగు విప్పిన చప్పుడైంది. "అయ్యబాబోయ్," అన్నాడు ఇంజనీరు. "హాలు కింద ఉందా? అమ్మా, దాని మీద ఏమీ కట్టనివ్వకండి. మీ దగ్గర ఆ వాల్వు తిప్పే కీ ఉంటే మెల్లగా తిప్పి చూడండి, బలవంతం చేయొద్దు. ఎల్లుండి నేనే వస్తాను."

*

అత్తగారికి చెప్పడానికి సాయంత్రం దాకా ధైర్యం చాల్లేదు. ఆవిడ ఉల్లిపాయలు తరుగుతున్నప్పుడు చెప్తే కళ్లనీళ్లు వచ్చినా ఎవరివి ఎందుకో తెలియదని ఆ సమయం ఎంచుకుంది. కర్ర బల్ల మీద పెట్టి, బిరడా తీసి, గుంట చూపించి, ఆఫీసాయన చెప్పిందంతా చెప్పింది.

భర్త ముందుగా కర్ర అందుకున్నాడు. గుంటని వెలుతురుకి పెట్టి ఒక కన్ను మూసి చూశాడు, కళ్లద్దం చూసినట్టు. "ఇన్నాళ్లూ నా కళ్ల ముందే ఉంది."

"ఊరందరి చూపూ సరిచేస్తారు," అంది భార్య.

అత్తగారు కత్తిపీట పక్కకి పెట్టింది. ముక్కలన్నీ గిన్నెలోకి తోసింది. చేతులు కడుక్కుంది. కడుక్కుంటూ కుళాయి వైపు చూస్తూ ఉండిపోయింది.

"హాలు పెంచినప్పుడు ఆ మూల గచ్చు వేయనివ్వలేదని మాస్టారు వచ్చి నాతో మొత్తుకున్నాడు," అంది చివరికి. "ఏంటండీ అంటే, 'మూత ఉండాలి' అన్నారు. అంతే. ఇంకా ఏదో చెప్పబోయారు. పైపుల గోల ఇంట్లోకి తేవద్దని నేనెప్పుడో ఒట్టు పెట్టించుకున్నా. అన్నం దగ్గర పంపుల కబుర్లేంటని. ఆ మాట మీదే ఉండిపోయారు."

కోడలు ఆవిడ మొహంలోకి చూడడానికి భయపడింది. "తప్పు చేశానా అత్తయ్యా, చెప్పి?"

"ఆ మేస్త్రీ ఎన్నింటికొస్తాడు?"

"పొద్దున్నే అన్నారు."

"అయితే వాడికంటే ముందు లేవాలి," అంది అత్తగారు, పొయ్యి వెలిగిస్తూ.

*

హాలు తలుపుకి తాళం ఉండదు, గడియ మాత్రమే. లోపల కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. అత్తగారు గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, పరాయివాళ్ల వంటింట్లోకి వెళ్లినట్టు నాలుగు వైపులా చూసి, లోపలికి నడిచింది. ఎర్రతాడు విప్పింది. దాన్ని ఊరికే పడేయలేదు, చుట్ట చుట్టి కిటికీలో పెట్టింది. చాప చుట్టి, మూత అంచు కింద వేళ్లు దూర్చింది. కోడలు రెండో వైపు పట్టుకుంది.

లోపల చల్లగా, తడిమట్టి వాసన, అడుగున నీళ్ల హోరు. సాలెగూడు. దాని కింద నలుచదరపు ఇనుప తల. కోడలు కర్ర దింపింది. కళ్లజోడు ముక్కు మీద కూర్చున్నట్టు గుంట ఆ తల మీద సరిగ్గా కూర్చుంది.

"ఎటు తిప్పాలి?"

"సీసా మూత ఎటు బిగిస్తావు? అటు."

కదల్లేదు. అత్తగారు కూడా పిడి పట్టుకుంది. పిడికి అటూ ఇటూ నాలుగు చేతులు. కోడలి గాజులు ఇనుముకి తగిలి గలగలమన్నాయి. బలవంతం చేయొద్దన్నారని కోడలు చెప్తూనే ఉంది, అత్తగారు మొండిమూత తీసే ఆడవాళ్లందరిలాగే పళ్లు బిగించి, కొంచెం వెనక్కి, కొంచెం ముందుకి, మళ్లీ వెనక్కి ఆడించింది. కీచుమంది. కదిలింది. ఆ తర్వాత ఇద్దరూ దాని చుట్టూ తిరగడం మొదలుపెట్టారు, చిన్నపిల్లలు స్తంభం చుట్టూ తిరిగినట్టు. కోడలికి నవ్వు ఆగలేదు. "నవ్వకు, చేతులు సడలుతాయి," అంది అత్తగారు, తనూ నవ్వుతూ.

పిడి ఇక తిరగలేదు. నేల కింద హోరు సన్నగిల్లింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత గోడ పక్క పైపు లోపల గుర్రుమని లేచింది. అత్తగారు పైపు మీద అరచెయ్యి ఆనించింది. కోడలి చెయ్యి కూడా తీసుకుని పక్కన పెట్టింది. ఇనుము వణుకుతోంది. నీళ్లు మిట్ట ఎక్కుతున్నాయి.

చాప పరుచుకుని కూర్చున్నారు. అత్తగారికి ఊరికే కూర్చోవడం చేతకాదు. చాప అంచులో ఊడిన పుల్లలు దూర్చింది. చాప మీద పడిన సాలెగూడు ఏరింది. ఆ తర్వాత ఏరడానికి ఏమీ దొరకలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుంది. పైపు ఒకే గొంతుతో పాడుతోంది. కోడలు ఓరగా చూసింది. ఆవిడ కళ్లు మూసుకుంది. వింటోందో, ఏం చేస్తోందో.

"ఇదా!" అంది చాలాసేపటికి, కళ్లు తెరవకుండానే. "దీనికి నన్ను రమ్మంటే రానా?"

"ఎప్పుడూ రమ్మనలేదా?"

"అన్నారు. ఎన్నిసార్లో. 'ధ్యానానికి రా' అన్నారు. నాకు పనుంది అన్నాను. వాల్వు తిప్పడానికి రమ్మని ఒక్కసారి అనుంటే..." ఆవిడ మూసుకున్న కళ్ల కింద తడి కనిపించింది. "అనేవారు కాదులే. పైపుల గోల కదా."

గుమ్మంలో చప్పుడైంది. భర్త. మొహమంతా సబ్బు నురుగు, భుజాన తువ్వాలు. "అమ్మా, ఇంట్లో నీళ్లు ఆగిపోయాయి!"

"అవును. ఇక రోజూ అంతే. ముందే పట్టుకో."

అతను నురుగు మొహంతో భార్య వంక చూశాడు. ఆమె పెదవుల మీద వేలు పెట్టి పక్కన చోటు చూపించింది. అతను కూర్చున్నాడు. నురుగు బొట్టు ఒకటి గడ్డం మీంచి జారి చాప మీద పడింది.

అతని వెనకే మైకు మాస్టారు వచ్చాడు. రెండు చేతుల్లో అద్దాలపెట్టె. వెనక మేస్త్రీ, తాపీ, సిమెంటు తట్ట. మాస్టారు తాడు లేని మూల చూశాడు, మూత తీసిన గుంట చూశాడు, అందులో నిలబెట్టిన పవిత్రమైన కర్ర చూశాడు.

"ఏంటమ్మా ఇది?"

"నీళ్ల వాల్వు, మాస్టారూ," అంది అత్తగారు. "మీరిప్పుడు సిమెంటు పోయబోతున్నది దీని మీదే. ఇది కడితేనే పై వీధికి నీళ్లెక్కుతాయి. ఆయన రోజూ ఇక్కడ చేసింది ఇదే."

మాస్టారు నోరు తెరిచాడు. అద్దాలపెట్టె గుండెకి హత్తుకున్నాడు. "మరి ధ్యానం?"

"కూర్చోండి. చప్పుడు ఆగేదాకా కూర్చోవాలట. మీకే చెప్పారట కదా."

మాస్టారు అద్దాలపెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మేస్త్రీ తట్ట దించి గోడకి చేరగిలబడ్డాడు. బయట ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. పైపు గొంతు మెల్లగా సన్నబడింది, ఇంకా సన్నబడింది, చివర్లో చిన్నగా నిట్టూర్చి ఆగిపోయింది. మిట్ట మీద ట్యాంకు నిండింది. ఆ వెంటనే హాల్లో పరుచుకున్న నిశ్శబ్దంలో ఎవరి ఊపిరి వాళ్లకి వినిపించింది. వెంటనే లేవాలని ఎవరికీ అనిపించలేదు. అత్తగారికి కూడా.

తర్వాత ఆవిడే లేచి పిడి పట్టుకుని వెనక్కి తిప్పింది. ఈసారి సులువుగా తిరిగింది. నేల కింద హోరు మళ్లీ మొదలైంది.

"మరి ఈ పెట్టెలో ఏం పెట్టాలమ్మా?" అన్నాడు మాస్టారు, దీనంగా. "అద్దాలకి చాలా శ్రమపడ్డాను."

కోడలు సంచీలోంచి రబ్బరు బిరడా తీసి ఇచ్చింది. "మీకు ధ్యానంలో ఇబ్బంది కలగకూడదని, గచ్చు మీద చప్పుడు కాకుండా మామయ్య తొడిగింది ఇదే."

మాస్టారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తుడిచాడు. మెల్లగా పెట్టె మధ్యలో పెట్టి మూత వేశాడు. గేటు దాటుతూ ఒంగి, కుళాయి దగ్గర, మొన్న తను డబ్బా తోసేసిన చోట పారిన నీటి గుర్తు చూసి వెళ్లిపోయాడు.

సాయంత్రం హాలు నిండింది. కింది వీధుల వాళ్లంతా కుర్చీల్లో. గుమ్మం దగ్గర పై వీధి వాళ్లు నిలబడ్డారు, కాగితంలో చుట్టిన నిమ్మరంగు కర్టెన్లు పట్టుకుని మిషనావిడ వాళ్ల ముందు. వేదిక మీద అత్తగారికి వేసిన కుర్చీ ఖాళీ. ఆవిడ వెనక మూల చాప మీద, మూత పక్కన కూర్చుంది. ఒళ్లో అడ్డంగా కర్ర. పాలరాతి పలక మాస్టారు తన ఇంటికి తీసుకుపోయాడు, వాకిట్లో వేసుకుంటాడట.

కోడలి పేరు పిలిచారు. మైకు కీచుమంది. ముందు వరసలో అందరూ మొహాలు గంభీరంగా పెట్టుకుని, చేతులు కట్టుకుని, ఒక మహనీయుడి గురించి వినడానికి సిద్ధంగా ఉన్నారు. రెండో వరసలో భర్త, శుభ్రంగా గీసుకున్న గడ్డంతో, ఆమె కంటే ఎక్కువగా వణుకుతున్నాడు. అతన్ని చూడగానే ఆమెకి భయం పోయింది.

"మా మామగారు," అంది, "రోజూ పొద్దున్నే మీ అందరి ఇళ్లల్లో కుళాయిలు కట్టేసేవారు."

వరసలన్నిట్లో తలలు ఒక్కసారి లేచాయి. గుమ్మం దగ్గర మిషనావిడ నవ్వు మొదలుపెట్టేసింది. వెనక మూల నుంచి అత్తగారి గొంతు వినిపించింది:

"గట్టిగా చెప్పమ్మాయ్, వెనక్కి వినపడట్లేదు."